ఏనుగుల వరస ఎవరి పాలు

పాత కట్టడాల దఫ్తరులో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు నాందేడులో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "మీ కాలంలో పని ఎట్లా ఉండేదండీ?" అని అడుగుతారు. ఆ అడగడంలో ఎంత మర్యాద ఉంటుందంటే, నన్ను కూడా నాలుగు వైపులా కొలిచి ఒక బోర్డు తగిలించి పోతారేమోనని అనుమానం వస్తుంది. నేను సగం చెప్పేసరికి వాళ్ల బస్సు వేళవుతుంది. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు తరక్కీ వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే సంగతులు రాయను. నిజాం రాజ్యమే పోయింది. దఫ్తరు పేరు మారింది. నా తరక్కీకి అడ్డుపడ్డ పెద్దమనిషి కూడా పోయాడు. పోయినవాళ్ల మీద పితూరీలు చెబితే వినేవాళ్లుండరు.

నా ఉద్యోగం నక్షానవీసు. అంటే పాత గుడి, మసీదు, కోట, బావి ఏది కనిపించినా కొలతలు తీసి కాగితం మీద గీసేవాడిని. వినడానికి గొప్పగా ఉంటుంది. నిజానికి ఆ పనిలో సగం గబ్బిలాలతో సర్దుకుపోవడం, మిగిలిన సగం పై అధికారులతో సర్దుకుపోవడం. గబ్బిలాలే నయం, వాటికి అభిప్రాయాలుండవు.

రాయిని చదవడం మీకు ఎవరైనా నేర్పుతారు. స్తంభం తీరు చూసి, గడప మీది చెక్కడం చూసి కాలం చెప్పడం రెండు మూడేళ్లలో దానంతట అదే వస్తుంది. ఆ రాయి మీద ఎవరి చెయ్యి ఉందో చూడడం మాత్రం ఎవరూ నేర్పరు. నేను దాన్ని ఒక్క గుడి దగ్గర నేర్చుకున్నాను. అది కూడా మా దఫ్తరు ఆ గుడిని కాపాడబోయి పాడుచేశాక.

పెద్దసాహెబ్

మా పై అధికారిని అందరం పెద్దసాహెబ్ అనేవాళ్లం. పేరు రాయను. చెడ్డవాడని కాదు, మంచివాడనే. చెడ్డ అధికారి చేసే నష్టం తొందరగా కంటబడుతుంది, ఎవరో ఒకరు అడ్డుపడతారు. మంచివాడు చేసే నష్టానికి అందరం కలిసి సాయం పడతాం.

ఆయన విలాయతులో చదివాడు. చదువయ్యాక ఒక ఎండాకాలమంతా ఫ్రాన్సు దేశపు పడమటి కొసన, బ్రెటన్లు అనే జనం ఉండే సీమలో గడిపి, అక్కడి పల్లెటూరి పాత చర్చి ఒకదాన్ని కొలిచి గీశాడట. ఆ చర్చి సంగతి మాకు చెప్పని రోజు లేదు. బూడిదరంగు గట్టి రాయి అట. సముద్రపు గాలికి తట్టుకోవాలని గోడలు పొట్టిగా, మందంగా కట్టారట. గంటల గోపురానికి గాలి పోయేందుకు కంతలు వదిలారట. లోపల నిలబడి తలెత్తితే కప్పు బోర్లించిన పడవలా కనిపిస్తుందట, ఎందుకంటే దాన్ని చేసింది ఆ ఊరి పడవల వడ్రంగులేనట. ఒక గోడకున్న సున్నం గోకితే కింద రంగుల బొమ్మలు బయటపడ్డాయట.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది బెంచీల సంగతి. ఆ చర్చిలో ఒక్కో ఇంటికి ఒక్కో బెంచీ అట. తాత కూర్చున్న చోటే మనవడు కూర్చుంటాడట. మోకాళ్లు ఆనీ ఆనీ చెక్క గుంటపడిందట. వెనక, తలుపు పక్కన, భూమి లేని కూలివాళ్లకూ ఒక బెంచీ ఉందట. ఎంత గొప్పవాడు వచ్చినా దాని మీద కూర్చోవడానికి లేదట. "అది కట్టడం కాదు భాయ్, అది ఊరు," అనేవాడు ఉర్దూలో. అక్కడికి వచ్చేసరికి ఆయన కళ్లు తుడుచుకునేవాడు. ఉమ్రి, ముద్ఖేడు చుట్టుపక్కల ఎడ్లబండి మీద తిరిగినన్నాళ్లూ ఈ కథ విని విని మా బండివాడికి కూడా కంఠతా వచ్చింది. పెద్దసాహెబ్ మధ్యలో దగ్గితే తరువాతి ముక్క వాడే అందించేవాడు.

పనిలో ఆయన రాక్షసుడు. మాతో పాటు జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తిని ఎండలో నిలబడేవాడు. నక్షాలో ఒక గీత పక్కకు పోతే కాగితం చింపి మళ్లీ గీయించేవాడు. నాకు పని వచ్చిందంటే ఆయన పుణ్యమే. ఆయనకు ఉన్న లోపం ఒక్కటే. మన పల్లెల్లో జనం పాత కట్టడం దగ్గరికి దాన్ని పాడుచేయడానికే వస్తారని ఆయన గట్టి నమ్మకం.

తెల్లటి నల్లగుడి

ఉమ్రి స్టేషన్లో దిగి బండి మీద ఒక పూట పోతే ఆ ఊరు వస్తుంది. ఊరి పేరు కూడా రాయను, అక్కడివాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊళ్లో ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, కచేరీలో ఉర్దూ. కొట్లాటకు మాత్రం మూడూ వాడతారు.

చేల మధ్య ఒక శివాలయం. నల్లరాతి గుడి అని విని పోయాం. పోయి చూస్తే పాలనురుగులా తెల్లగా ఉంది. తరతరాల సున్నం పొర మీద పొర పేరుకుని చెక్కడాలన్నీ ముద్దముద్దగా తయారయ్యాయి. అయినా కట్టుబడి మొదటి చూపుకే తెలిసింది. రాతికీ రాతికీ మధ్య కట్టిననాడు గచ్చు పెట్టలేదు. ఒక రాయి బరువు ఇంకో రాయి మీద మోపి నిలబెట్టిన గోడ అది. గోడలు తిన్నగా పోకుండా మూలమూలకూ మడతపడి, నక్షాలో నక్షత్రంలా వస్తాయి. లోపలి స్తంభాలు సానపట్టినట్టు నునుపు. కప్పు మూలల్లో రాళ్లు అడ్డంగా వేసి, చదరం మీద చిన్న చదరం పేర్చి నడిమి కంత మూశారు. శిఖరం ఎప్పుడో కూలింది. దాని చోట తరువాతివాళ్లు ఎవరో ఇటుకలతో గుమ్మటం లేపారు. ఆ గుమ్మటం వంపులో మసీదులు కట్టిన మేస్త్రీ చెయ్యి కనిపిస్తుంది. కట్టినవాడొకడు, నిలబెట్టినవాడొకడు. మన వైపు పాత గుళ్లన్నీ అంతే.

పెద్దసాహెబ్ బండి దిగీ దిగగానే "సున్నం!" అన్నాడు. ఇంట్లో దొంగ పడితే "దొంగ!" అన్నట్టు అన్నాడు.

ఆ ఊరి పటేల్ గంగారాం మాకు గుడి చూపించాడు. భూమి, బలగం ఉన్న రైతు. నోరు కూడా ఉంది.

"గీ కంబం మాది సాబ్. గది కుల్కర్ణోళ్లది. దర్వాజ దుకాణపోళ్లది," అని ఒక్కొక్కటే ముట్టి చూపించాడు.

"మాది అంటే?" అని అడిగాను.

"సున్నం ఏసే పాలు. మాఘంల జాత్ర ముంగట ఎవ్వల రాళ్లకు వాళ్లే ఏస్కోవాలె. తాతల కెల్లి గిట్లనే."

బయట వెనక గోడకు, అన్నిటికన్నా కింద, ఒక రాళ్ల వరస ముద్దముద్దగా ఉబ్బి ఉంది. అది ఎవరిదని అడిగాను.

"గది వాడోళ్లది," అన్నాడు పటేల్, అటు చూడకుండానే.

వాడ అంటే ఊరి పడమటి కొసన ఉండే గుడిసెలు. గుంట భూమి లేని కుటుంబాలు. గుళ్లోకి వాళ్లను రానివ్వరు. గుడి గోడ దగ్గరికి కూడా రానివ్వరు, ఏడాదిలో ఆ ఒక్క సున్నాల రోజు తప్ప. అయితే ఆచారంలో ఒక మెలిక ఉంది. సున్నం పైనుంచి మొదలై కిందికి రావాలి. వాడవాళ్ల వరస తెల్లబడ్డాక గానీ పటేల్ కొబ్బరికాయ కొట్టి జాతర మొదలుపెట్టడానికి లేదు. అంటే ఏడాదికి ఒక్కసారి ఊరంతా వాళ్ల చేతి కోసం ఆగుతుంది. ఈ ఏర్పాటు చేసిన పూర్వీకుడెవరో గానీ, మా దఫ్తరులో ఉండదగినవాడు కాడు. అంత తెలివి మాకు అక్కర్లేదు.

ఇదంతా విని పెద్దసాహెబ్‌కు చెప్పాను. ఆయన గోటితో సున్నం పెచ్చు ఒకటి లేపి చూస్తున్నాడు. "గోకించాలి," అన్నాడు.

గోకుడు

ఆ చలికాలమంతా గోకాం. ఉల్లిపొరల్లా ఊడి వచ్చింది సున్నం. రాళ్ల సందుల్లోకి దిగిన సున్నాన్ని కూడా ఇనుప పుల్లలతో పీకించాడు పెద్దసాహెబ్. అసలు కట్టుబడిలో అది లేదు కాబట్టి ఉండకూడదన్నాడు.

వాడవాళ్ల వరసలో ఏనుగులు బయటపడ్డాయి. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏనుగులు, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకటి కొమ్మ విరుస్తోంది. ఒకటి వెనక్కి తిరిగి పక్కదాన్ని తొండంతో తోస్తోంది. ఒకదాని పొట్ట కింద పిల్ల పాలు తాగుతోంది. పెద్దసాహెబ్ నేల మీద చతికిలబడి "క్యా చీజ్ హై!" అంటూ అన్నం మరిచిపోయాడు. నాకూ ఒళ్లు పులకరించింది, కాదనను. గీయడానికి అంతకన్నా మంచి గోడ నాకు మళ్లీ దొరకలేదు.

గడప పక్క రాతి మీద శాసనం కూడా దొరికింది. నిలువు గీతలు, ఏటవాలు గీతలు. దానికి కాగితం అద్ది ముద్ర తీసి ఒక పండితుడికి పంపాం. ఇది చాలా ప్రాచీనమైన లిపి, ఇంకా పరిశోధించాలి అని ఆయన జవాబు రాశాడు. జొన్న కోతల కాలం వచ్చింది. ఒక రైతు చేనికి పోతూ పోతూ మా కళ్ల ముందే ఆ శాసనం దగ్గర కూర్చుని, ఆ గీతల్లోనే కొడవలి నూరుకుని పోయాడు. పెద్దసాహెబ్ జాబితాలోంచి ఆ శాసనాన్ని కొట్టేశాడు. పండితుడికి మాత్రం మేం ఏమీ రాయలేదు. ఆయన పరిశోధన ఇంకా సాగుతూ ఉంటుంది.

పని అయ్యాక బోర్డు పెట్టాం. ఈ కట్టడానికి ఎవరూ సున్నం వేయరాదు, గోడ ముట్టరాదు, తప్పితే జుర్మానా అని ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ రాయించాం. ఊళ్లో ఆ రెండూ చదివేవాళ్లు లేరు. కాబట్టి దాని అర్థం మా దగ్గర విని పటేల్ చెప్పాడు, తనకు నచ్చినట్టు చెప్పాడు. లోపల పూజకు అడ్డులేదు గనుక రైతులకు దానివల్ల పోయిందేమీ లేదు, ఏడాదికి ఒక రోజు చాకిరీ తగ్గింది. వాడలోకి మాత్రం పటేల్ స్వయంగా పోయి చెప్పి వచ్చాడు. తరాలుగా తన ఇంటివాళ్లు తీసేయాలనుకుని తీయలేని ఆచారాన్ని మేం వచ్చి ఒక రేకు ముక్కతో తీసేశాం. ఆ వారం మాకు పటేల్ ఇంటి నుంచి పెరుగు, నెయ్యి వచ్చాయి. తిన్నాం.

ఎల్లవ్వ

ఒక మధ్యాహ్నం ఏనుగులు గీస్తున్నాను. కాస్త దూరంలో ఒక ముసలావిడ వచ్చి నిలబడింది. వాడలో పెద్దదిక్కు, పేరు ఎల్లవ్వ. ఊళ్లో తిరుగుతుండగా రెండు మూడుసార్లు చూశాను.

"మా ఏనుగులు మంచిగ ఎల్లినయంట గద సాబ్," అంది.

"అవునవ్వా. దగ్గరికి రా, చూద్దువు."

"రావచ్చునా? పటేల్ ముట్టద్దన్నడు."

"ముట్టొద్దు గానీ, చూడొచ్చు."

"సూసుటానికి మాకు రాయెందుకు సాబ్? సూసుడు దూరంకెల్లి గూడ సూస్తం. పుట్టినకాడికెల్లి గదే జేస్తున్నం."

నేను పెన్సిలు కింద పెట్టాను. ఆమె ఉన్నచోటి నుంచే చేత్తో చూపించింది.

"గా పిల్ల ఏనుగు ఉన్నది సూడు, గది మా ఇంటి రాయి. నన్ను ఈ ఊరికి ఇచ్చినప్పుడు మా అత్త నన్ను తోల్కొచ్చి, కుంచె శేతుల వెట్టి, 'ఇగో, గిది మనది' అన్నది. భూమి మనది గాదు, బాయి మనది గాదు, గుడిశె కింది జాగ గూడ పటేల్‌దే. గీ ఒక్క రాయి మనది అన్నది. అప్పుడు దాని మీద ఏనుగున్నదని గూడ ఎర్కలేదు. ఏదో ఉబ్బుగ తగులుతుండె శేతికి. గా ఒక్కనాడు మా శెయ్యి దేవునికి తగుల్తది. మల్ల ఏడాది దాంక తగుల్దు."

"సాహెబ్‌తో చెబుతానవ్వా," అన్నాను. అంతకన్నా పెద్ద మాట నా హోదాలో లేదు.

ఆ సాయంత్రం చెప్పాను. పెద్దసాహెబ్ ఓపిగ్గా విన్నాడు. "పాపం. దూరం నుంచి దండం పెట్టుకోమను, ఎవరూ వద్దనరు," అన్నాడు. తరువాత డేరా ముందు కుర్చీ వేయించుకుని బ్రెటన్ల చర్చి బెంచీల కథ ఎత్తుకున్నాడు. కూలివాళ్ల బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా పక్కన కూర్చున్న బండివాడు నా మోకాలు మీద చెయ్యి వేశాడు, ఏమీ అనవద్దన్నట్టు. 

ఆ ఏడు జాతర పొద్దున్నే మొదలై పొద్దున్నే అయిపోయింది. పటేల్ ఎవరి కోసమూ ఆగనక్కర్లేకపోయింది.

వాన, సిమెంటు

వానాకాలం వచ్చింది. మన వైపు వాన పడమటి నుంచి కొడుతుంది. ఆ గుడి వెనక గోడ పడమటి గోడే. ఇన్నాళ్లూ రాళ్ల సందుల్లో కూర్చుని నీటిని ఆపింది ఆ సున్నమే. అది పీకేశాక నీళ్లు సందుల్లోంచి గోడ లోపలికి దిగాయి. లోపల నింపిన మట్టి, కంకర నాని ఉబ్బాయి. ఏనుగుల వరస ముందుకు తోసుకువచ్చింది. తూకపు గుండు వేలాడదీసి చూస్తే ఏనుగులు బయటికి నడిచివస్తున్నట్టే ఉన్నాయి. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే గోడ కూలుతుందని నేను చెప్పాను. దేవుడికి కోపం వచ్చిందని ఊరివాళ్లన్నారు. కాలువ తవ్విస్తే సరిపోతుందని పెద్దసాహెబ్ అన్నాడు. ముగ్గురి మాటల్లో దేవుడి సంగతే తేల్చలేకపోయాం.

కాలువ తవ్వాం. నీళ్లు కాలువలోకి పోతూనే గోడలోకి కూడా పోయాయి. అప్పుడు పెద్దసాహెబ్ సిమెంటు తెప్పించాడు. సిమెంటు అప్పట్లో కొత్త, దాని మీద చదువుకున్నవాళ్లకు భక్తి. బస్తాలు రైల్లో ఉమ్రికి వచ్చాయి. స్టేషన్ పక్క రేకుల షెడ్డులో దించారు. గుడి ఊరి దారిలో వాగు పొంగి బండ్లు కదలలేదు. షెడ్డు పైన రేకు లేచిపోయి వాన లోపలికి కొట్టింది. వాగు తగ్గి మేం పోయేసరికి ఒక్కో బస్తా ఒక్కో బండరాయి అయి కూర్చుంది. స్టేషన్లో రైలు కోసం ఎదురుచూసేవాళ్లు చాలా కాలం వాటి మీద కూర్చునేవాళ్లు. మా దఫ్తరు చేసిన పనుల్లో ప్రజలకు అంత సుఖాన్నిచ్చినది ఇంకొకటి లేదు. గుడి మాత్రం ఆ విధంగా సిమెంటు నుంచి తప్పించుకుంది. సిమెంటు వేసి ఉంటే లోపలి నీళ్లు బయటికి రాలేక రాతి ముఖాలే పగిలేవి. తరువాత వేరే చోట్ల అది కూడా కళ్లారా చూశాను.

ఇక మిగిలింది సున్నం. అది ఒప్పుకోవడానికి పెద్దసాహెబ్‌కు ఎంత కష్టమైందో నేను చూశాను. ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి తగ్గలేదు, అది ఆయన గొప్పతనం. ఉబ్బిన రాళ్లను విప్పి మళ్లీ పేర్చాం. సందులు సున్నంతో నింపి, ఏడాదికోసారి పైన పలుచని పూత వేయాలని, ఏనుగు కన్ను పూడకూడదని షరతు పెట్టాడు. పూత ఎక్కడెక్కడ వేయాలి? వాన తగిలే చోట, అంటే రాతి చూరు అడ్డం లేని వెనక గోడ అడుగు వరసకు మాత్రమే. లోపలి స్తంభాలకు వాన తగలదు గనుక వాటికి వద్దు.

అంటే మొత్తం గుడిలో సున్నం వేయదగినది ఒక్క వాడవాళ్ల పాలేనని సర్కారు వారే తేల్చారు.

కూలి

సున్నం వేయడానికి మనుషులు కావాలి. వాడవాళ్లను పెడదామని నేనన్నాను. దానికి పెద్దసాహెబ్ ఒప్పుకున్నాడు. పటేల్ కూడా ఒప్పుకున్నాడు, నాకు ఆశ్చర్యమేసింది.

"కూలికి పెట్టుకోండ్రి సాబ్, మంచిదే. కూలోళ్లు యాడనైన పని జేస్తరు. గందుల తప్పేమున్నది?" అన్నాడు.

వాడవాళ్లను పిలిపించి హాజరీ పట్టీ తెరిచాను. కూలి రేటు చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. రేటు తక్కువైందేమోనని పెద్దసాహెబ్ పెంచమన్నాడు. పెంచాను. అప్పుడు ఎల్లవ్వ నోరు తెరిచింది.

"కూలి వద్దు సాబ్. కూలి తీస్కుంటె గది సర్కార్ పనైతది. వచ్చే ఏడు సర్కార్ ఇంకోళ్లను పెట్టుకుంటది, మేం ఏమనేటట్టు లేదు. మా రాయికి సున్నమేస్తె మాకు కూలేంది? సున్నం గూడ మేమే తెచ్చుకుంటం."

పటేల్ ముఖం మాడిపోయింది. కూలికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది. పెద్దసాహెబ్ "ఏమంటోంది?" అని అడిగాడు. ఉన్నదున్నట్టు ఉర్దూలో చెప్పాను.

ఆయన ఏనుగుల వైపు తిరిగాడు.

"నీకు ఆ చర్చి బెంచీల సంగతి ఎప్పుడైనా చెప్పానా?"

"చెప్పారు సాహెబ్."

"నాగ్గూడ జెప్పిండ్రు," అన్నాడు బండివాడు దూరం నుంచి.

"మరి ఇక్కడి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను సాహెబ్. దూరం నుంచి దండం పెట్టుకోమన్నారు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. "హాజరీ పట్టీ మూసెయ్," అన్నాడు. నా సర్వీసులో అంతకన్నా మంచి హుకుం నేను వినలేదు.

ఆ మాఘంలో వాళ్లు సున్నం వేశారు. బట్టీ నుంచి సున్నం వాళ్లే మోసుకొచ్చి, తుమ్మజిగురు కలిపి, ఈతమట్టల కుంచెలతో మెల్లగా అద్దారు. ఎల్లవ్వ పిల్ల ఏనుగును ముందు అరచేత్తో తడిమింది, తరువాత కుంచె ముట్టించింది.  గుడి ముందు ఊరంతా నిలబడి ఉంది. పటేల్ తన కంబానికి కూడా సున్నం వేస్తానని వస్తే నేను బోర్డు చూపించాను. చదవడం రాదన్నాడు. చదివి వినిపించాను. నాకు అందులో ఎంత సంతోషం కలిగిందో దాచుకోను.

విచారణ

అది అక్కడితో ముగిస్తే మీకూ హాయిగా ఉండేది. సర్కారు పనులు అట్లా ముగియవు.

కొన్ని నెలలకు పై కచేరీ నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చాడు. మా దఫ్తరు ఆ ఊళ్లో బీదవాళ్లచేత కూలి ఇవ్వకుండా వెట్టి చేయించిందని అర్జీ పోయిందట. వెట్టి నిషేధమని రాజ్యంలో అప్పటికే హుకుం ఉంది. అర్జీ మీద పేరు లేదు. కానీ మంచి ఉర్దూలో, మాట మాటకూ బీదల మీద జాలితో రాయించి ఉందని అధికారి చెప్పాడు. ఆ ఊళ్లో ఉమ్రి దాకా పోయి మున్షీ చేత అర్జీ రాయించుకోగల స్తోమత ఉన్నవాడు ఒక్కడే. ఆ ఒక్కడే అధికారికి కుర్చీ వేయించాడు, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అధికారికి తెలుగు రాదు. పెద్దసాహెబ్ అప్పటికి వేరే జిల్లాకు మారిపోయాడు. తర్జుమా చేయడానికి నన్ను పిలిపించారు. ఆరోపణ మా దఫ్తరు మీద, తర్జుమా మా దఫ్తరు మనిషిది. ఇందులో ఏదో తేడా ఉందని ఎవరికీ తోచలేదు.

గుడి వెనకకే పిలిపించారు ఎల్లవ్వను. చేనులోంచి అట్లాగే వచ్చింది, చేతిలో కొడవలి, చెంగు నిండా గడ్డి నలుసులు.

"భయపడకుండా చెప్పమను. వీళ్లచేత వెట్టి ఎవరు చేయించారు?" అన్నాడు అధికారి. నిజం చెప్పాలంటే, ఆయనా మంచివాడే. గొంతులో దయ ఉంది.

నేను ఆమెకు చెప్పాను.

"ఏ వెట్టి?" అంది.

"గుడికి సున్నం వేశారు కదవ్వా. కూలి ఇవ్వకుండా చేయించారని అర్జీ పోయింది."

ఎల్లవ్వ పటేల్ వైపు చూసింది. ఆమె నవ్వుతుందనుకోలేదు, నవ్వింది.

"వెట్టంటె ఏందో నాకు మంచిగ ఎర్కనే సాబ్. ఇయ్యాల పొద్దుగాలకెల్లి పటేల్ చేన్ల జేసొచ్చిన జూడు, గది వెట్టి. ఆయనింట్ల లగ్గమైతె కట్టెలు మోసుడు వెట్టి. ఆయన ఊరికి పోతె ఎంబడి ఉరుకుడు వెట్టి. మా మామ జేసిండు, మా ఆయన జేస్కుంటనె పోయిండు, నేను జేస్తున్న. గన్నేండ్లల్ల ఒక్క సాబ్ గూడ గిట్ల కుర్సీ ఏస్కొని అడుగలే. మా పని మేం జేస్కున్న గా ఒక్కనాటి కోసం అడుగవడ్తిరి. అడిగితిరి గద, గా పటేల్ చేను సంగతి గూడ రాస్కోండ్రి."

మాట పొల్లుపోకుండా ఉర్దూలో చెప్పాను. పటేల్ గొంతు సవరించుకుని, "ముసల్ది సాబ్, ఏదో మాట్లాడ్తది," అని, చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు. అక్కడ లోపల ఏమీ లేదు, గుడి తప్ప.

అధికారి కాగితం వైపు చూశాడు, పటేల్ వైపు చూశాడు, మళ్లీ కాగితం వైపు చూశాడు. "అర్జీలో ఉన్నది గుడి సంగతి. చేను సంగతి ఈ ఫైలులో లేదు. అది చెప్పు ఆమెకు," అని కలానికి మూత పెట్టాడు.

చెప్పాను. చెబుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఎల్లవ్వ కొడవలి భుజాన వేసుకుంది. "గది లేకపోతె, గింత దూరం ఏం రాస్కపోదమని వచ్చిండు సాబ్?" అని నన్నడిగి, చేను వైపు నడిచింది.

ఆ మాటను తర్జుమా చేయమని అధికారి నన్ను అడగలేదు. నేను చేశాను.